తెల్లరాయి మీద పులిహోర

ఆకాశాన్ని పడుగుగా చాచి, గాలిని పేకగా ఆడించి, ఈ లోకమనే వస్త్రాన్ని ఎక్కడా ముడి కనబడకుండా నేసిన శ్రీమన్నారాయణునికి ముందుగా నా నమస్కారం. ఆకలి ఆయన ఇచ్చిందే, అన్నం ఆయన ఇచ్చిందే, వండే చేతిలోని వేడి కూడా ఆయనదే. వంటింటి ముచ్చట చెప్పబోతూ ఆయనను తలవకపోతే నాకు మాట కదలదు. గోవిందా.

మేము సూరత్‌లో, కోసాడ్ కాలనీలో ఉంటాం. మా ఆయన కిమ్ అనే ఊరి దగ్గర ఒక మగ్గాల కార్ఖానాలో మాస్టరు. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ. మా వైపు నుంచి వచ్చిన నేతవాళ్ల కుటుంబాలు మా బ్లాకులోనూ చుట్టుపక్కలా చాలా ఉన్నాయి. ప్రతి శనివారం సాయంత్రం మా బ్లాకు కింద, మెట్ల పక్కనున్న చిన్న హాలులో భజన జరుగుతుంది. అక్కడ పురాణం చదివే పని నాది. స్వామికి నైవేద్యం చేసే పని మా అత్తమ్మది.

ఆ నైవేద్యం పులిహోర. ఆమె సూరత్‌కు వచ్చిన తొలినాళ్ల నుంచీ అదే. మొదట్లో రేకుల గదిలో, మగ్గాల చప్పుడు గోడల్లోంచి వినబడుతుంటే, కిరసనాయిలు స్టవ్వు మీద చేసేదట. తలస్నానం చేసి, తడి చీర కొంగు నడుముకు చెక్కి, నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంటుంది. చింతపండు రసం చిక్కబడేదాకా కలుపుతూ లోలోపల గోవింద నామాలు అనుకుంటుంది. ఆమె పులిహోర చేస్తుంటే వంటింట్లోకి ఎవరూ మాట్లాడుతూ పోరు. పసుపు పడిన అన్నంలోంచి లేచే ఆవిరిలో ఆమె ముఖం కొంచెం కొంచెంగా కరిగిపోతున్నట్టు ఉండేది. ఆ ఆవిరి అవతల ఎవరో కూర్చుని ఆమె చెప్పేది వింటున్నారని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. నేల మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కూర్చోలేకపోతే శనివారం పులిహోర ఇంకొకరి చేతికి పోతుంది. మా అత్తమ్మకు లోకంలో ఉన్న భయం అదొక్కటే. చావు గురించి కూడా ఆమె, "తీస్కపో స్వామీ, నేను వద్దన్ననా? జర శనివారం కాకుండ చూసుకో," అనేది.

ఇల్లు కట్టించినవాళ్లు మా వంటింట్లో అలమరా పలకలా వేసిన వంటబండ ఇరుకు, ఎత్తు. గ్యాస్ స్టవ్వు పెడితే గిన్నె దింపడానికి చోటుండదు. అందుకని మా ఆయన ఒక వెడల్పైన వంటబండ, తక్కువ ఎత్తులో, స్టూలు మీద కూర్చుని వండుకునేలా వేయించాలనుకున్నాడు. ఇక్కడ ఇళ్లల్లో మామూలుగా నల్ల గ్రానైటు వేస్తారు. మా ఆయనకు మాత్రం తెల్ల మార్బుల్ దొరికింది. కిమ్ దారిలో కడుతున్న ఒక గుడికి కోసిన రాళ్లలో కొలత తప్పి పక్కన పెట్టిన పలక అది. గుడి మేస్త్రీ మా ఆయనకు తెలిసినవాడు. "తీసుకుపో భాయ్, మీ అమ్మకోసమంటున్నావు కదా," అన్నాడట.

రాయి తెచ్చి కిటికీ కింద దిమ్మెల మీద అమర్చిన రోజు నాకిప్పటికీ కళ్లముందే ఉంది. కిటికీలోంచి పొద్దుటి ఎండ దానిమీద పడింది. లోపల ఎక్కడో పాలు కదులుతున్నట్టు, పల్చని బూడిదరంగు చారలు దానిలో ఒకచోట మొదలై ఒకచోట మాయమవుతున్నాయి. చల్లగా ఉంది. అత్తమ్మ దానిమీద అరచేయి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"గుడిరాయా?" అంది.

"గుడికి కోసిందే అమ్మా. మిగిలింది," అన్నాడు మా ఆయన.

"మిగిలిందని అనకురా. మనకోసం పక్కకు పెట్టిండ్రు అను."

మరునాడు మేమిద్దరం నీళ్ల ట్యాంకరు కోసం కిందికి వెళ్లి వచ్చేసరికి ఆమె రాయికి పూజ చేసేసింది. మా వైపు కొత్త గడపకు చేసినట్టే అంచు పొడుగునా పసుపు తడిపి పట్టించింది, కుంకుమ బొట్లు పెట్టింది. అంతటితో ఆగలేదు. ఊళ్లో వాళ్ల చిన్నప్పుడు స్వామి విగ్రహానికి నువ్వుల నూనె పట్టించేవాళ్లు కదా, ఇదీ గుడిరాయే కదా అని, మధ్యలో నూనె పోసి చేత్తో నిమిరి నిమిరి పట్టించింది. రాయి మెరుస్తోంది. ఆమె ముఖమూ మెరుస్తోంది. మరునాటిదాకా దాన్ని ముట్టొద్దంది. మాకు కూడా ఆ పూట అది తప్పనిపించలేదు. పసుపు పూసిన గడప, నూనె పూసిన విగ్రహం చూసి పెరిగినవాళ్లం. రాయికి అంతకంటే గౌరవం ఏముంటుందనుకున్నాం.

ఊళ్లో విగ్రహం నల్లరాయి. ఇది తెల్లది. ఆ తేడా పొద్దున్న తెలిసింది. పసుపు కడిగితే పోలేదు. కుంకుమ పెట్టినచోట గులాబిరంగు మరకలు. మధ్యలో నూనె పోసినచోట రాయి లోపలికంతా తడిసినట్టు, మేఘం నీడ పడినట్టు, మసక గోధుమరంగులో ఒక పెద్ద మచ్చ. అత్తమ్మ సబ్బుతో తోమింది. కొబ్బరి పీచుతో తోమింది. తరువాత తోమడం ఆపి చూస్తూ ఉండిపోయింది.

"తాగిందే బిడ్డా," అంది నాతో, మెల్లగా. "రాయి నూనె తాగింది."

"పోనీ అత్తమ్మా, స్వామి పేరు మీద పోసిందే కదా."

"ఇయ్యాల స్వామి పేరు మీద పోసింది తాగింది. రేపు ఆదివారం నువ్వు మాంసం వండుతవు. అదిగూడ తాగుతది. మల్ల శనివారం నేను దాని మీద స్వామికి వండాల్నా? లోపల నీసు పెట్టుకున్న బండ మీద?"

ఆమె భయం అప్పుడు నాకు అర్థమైంది. మరక చూడ్డానికి బాగాలేదని కాదు. పైన పడింది కడిగితే పోతుంది, లోపలికి పోయింది ఎట్లా పోతుంది అని. మా ఇంట్లో ఆదివారం మాంసం ఉంటుంది. శనివారం ఉండదు. ఆ రెండు రోజుల మధ్య మా అత్తమ్మ ఎన్నేళ్లుగానో నీళ్లతో ఒక గీత గీసుకుని బతికింది. ఈ రాయి ఆ గీతను తాగేస్తుందని ఆమెకు తోచింది.

నేను పురాణంలో చదివిన సంగతులు చెప్పాను. భక్తితో పెడితే స్వామి ఎవరి చేతి అన్నమైనా, ఎలాంటి అన్నమైనా తిన్నాడని చెప్పాను. ఆమె ఓపికగా వింది.

"ఆయన తింటడు బిడ్డా. ఆయన గొప్పతనం అది. ఆయన తింటడని నేను పెట్టొచ్చునా?"

ఆ మాట నాకు చాలా నచ్చింది. నచ్చింది కనుకనే వాదన ఆపేశాను.

భజనలో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరున్నారు. అత్తమ్మను చెల్లె అని పిలుస్తారు. ఆయన కూడా నచ్చజెప్పి చూశారు.

"చెల్లే, స్వామి చూసేది నీ మనసును. బండను కాదు."

"మనసు నాదే అన్నా, దాని సంగతి నాకెరుకే. బండ మొన్న వచ్చింది. దాని మనసు నాకేమెరుక?"

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఆ శనివారం మేము వద్దంటున్నా నేల మీదే కూర్చుంది. పులిహోర అయింది. లేవబోయింది, లేవలేకపోయింది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నేలకు ఆనించి అట్లాగే ఉండిపోయింది. మా ఆయనా నేనూ చెరో చంకలో చేతులు వేసి లేపాం. నొప్పికి అరవలేదు. "గిన్నె జర పక్కకు జరుపుండ్రి, కాలు తగుల్తది," అని మాత్రం అంది. తరువాతి శనివారం ఆమె మంచం మీదే ఉంది. పులిహోర తాము చేస్తామని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేసరికి ఇక ఎవరికీ చేయబుద్ధి కాలేదు. స్వామికి అరటిపండ్లు, బెల్లం పెట్టాం. నేను పురాణం చదువుతుంటే ఆ హాలులో చింతపండు వాసన లేని గాలి ఎంత ఖాళీగా ఉందో చెప్పలేను. అక్షరాలు పుస్తకంలోంచి లేచి, ఎక్కడ వాలాలో తెలియక తిరుగుతున్నట్టు అనిపించింది.

ఆ మరునాడే అమ్రోలి దారిలో ఉన్న రాళ్ల దుకాణానికి వెళ్లాం. దుకాణం నడిపేది ఒక నడివయసు గుజరాతీ ఆమె. మేము ఏం పూశామో చెప్పగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అరే బేన్, మార్బుల్‌కా మసాలా బనా దియా?" అంది. మార్బుల్‌ను కూర వండేశావా అని. అన్నాక తనే నవ్వి, తమ ఇంట్లోనూ ఇదే జరిగిందని, తన అత్తగారు పచ్చడి జాడీ పెట్టి మరిచిపోయారని చెప్పింది. మార్బుల్ కంటికి గట్టిగా కనబడుతుంది కాని లోపల సన్నని రంధ్రాలుంటాయట. నీళ్లూ నూనే రంగూ వాటిలోకి దిగిపోతాయట. ముందు తాగినదాన్ని బయటికి లాగాలి, తరువాత రాయి పూర్తిగా ఆరాలి, ఆ తరువాత ఇక తాగకుండా సీలర్ అనే మందు పట్టించాలి అంది. నూనెకు ఒక పొడీ ద్రవమూ, రంగుకు ఇంకొక పొడీ ద్రవమూ, సీలర్ డబ్బా ఒకటీ ఇచ్చింది.

ఇంటికి వచ్చి మా ఆయన వాళ్లమ్మకు విడమరిచి చెప్పాడు.

"పడుగుకు గంజి ఎందుకు పెడ్తం అమ్మా? దారం లోపలికి గంజి పోతది, ఆరుతది, ఇగ రాపిడికి లేవదు. ఇదీ గంతే. రాయికి గంజి."

"గంజి ఉతికితే పోతది గదరా."

"పోతది. కొన్ని నెలలకు మళ్ల పెట్టాలె. దుకాణామె గూడ అదే చెప్పింది."

"తాగకుండ మందు పెడ్తరా?" అంది అత్తమ్మ. "మీ నాయినకు దొరకకపాయె గా మందు."

మా ఆయన నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నాడు. చాలా రోజుల తరువాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

మొదట నూనె మచ్చ. పొడిని ద్రవంతో కలిపి పెరుగంత చిక్కగా చేసి, మచ్చ దాటి కొంచెం పక్కలకు కూడా వచ్చేలా మందంగా పరిచాను. పైన పల్చని ప్లాస్టిక్ కప్పి అంచులు టేపుతో అంటించాను. ఒక పగలూ ఒక రాత్రీ అయ్యాక ప్లాస్టిక్ తీసేసి గాలికి వదిలేశాను. ముద్ద ఆరుతూ ఆరుతూ రాయి తాగినదాన్ని పైకి లాక్కుంటుందట. తెల్లని రాయి మీద తెల్లని ముద్ద, కిటికీ ఎండలో, జ్వరం దిగుతున్న పసిపిల్ల నుదుటి మీది తడిగుడ్డలా ఉండేది. నేను అటూ ఇటూ పోతూ దాన్ని చూసేదాన్ని. మనం చేసిన పాపాలు కూడా ఇట్లాగే, పైన ఏదో మెత్తగా పరిచి ఓపికగా ఉంటే బయటికి వస్తాయేమో అనుకునేదాన్ని. నామస్మరణ అంటే అదే కదా, రుద్దడం కాదు, పరిచి ఉంచడం. ముద్ద గీరేస్తే పసుపుపచ్చగా జిడ్డు తీసుకుని పొలుసులుగా లేచింది. రాయి కొంచెం తేరుకుంది. మళ్లీ వేశాం. మళ్లీ. ప్రతిసారీ మేఘం పల్చబడుతూ వచ్చింది.

పసుపు ఇంకా మొండిది. రెండో పొడితో కుంకుమ మరకలు పోయాయి, పసుపు చాలావరకు దిగింది. మిగిలినదాన్ని కిటికీ ఎండ తీసుకుంది. పసుపు గుడ్డను ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది కదా, అట్లాగే రోజురోజుకూ వెలిసింది. అంచులో ఒకచోట మాత్రం, తెల్లవారుజాము చంద్రుడంత పల్చగా, ఒక మరక ఉండిపోయింది. తెలిసినవాళ్లకే కనబడుతుంది.

తరువాత సబ్బు నీళ్లతో మెత్తగా కడిగి, తుడిచి, రాయిని ముట్టుకోకుండా ఆరనిచ్చాం. లోపల తడి ఉండగా మందు వేస్తే ఆ తడి లోపలే బందీ అయిపోతుందని ఆ దుకాణామె గట్టిగా చెప్పింది. అన్ని రోజులూ మేము వంట పాత వంటబండ మీద ఒక చిన్న స్టవ్వుతో నెట్టుకొచ్చాం. సీలర్ పట్టించిన రోజు కిటికీలు తెరిచి, అత్తమ్మను కుర్చీలో గుమ్మం దగ్గర కూర్చోబెట్టాం. మెత్తని గుడ్డతో నేను పూస్తుంటే రాయి ఆ మందు తాగి మెల్లగా నిండింది. కాసేపాగి పైన మిగిలినదాన్ని పొడి గుడ్డతో తుడిచేశాను. అట్లా తుడవకపోతే పొగమంచు పట్టినట్టు మసకగా ఉండిపోతుందట. ఆరాక మరోసారి పూసి, మరోసారి తుడిచి, మరునాటిదాకా నీటిచుక్క తగలనివ్వలేదు.

"అయిందా?" అంది అత్తమ్మ.

"అయింది అత్తమ్మా."

"మీరు చెప్పిండ్రు, నేను ఇన్న. ఇప్పుడు నేను చూస్త."

మరునాడు స్టూలు మీద కూర్చుని ఆమె పరీక్ష మొదలుపెట్టింది. మొదట ఒక నీటిచుక్క. అది రాయి మీద గుండ్రంగా నిలబడింది. కిటికీ మొత్తం, కిటికీలోని ఆకాశం మొత్తం ఆ చుక్కలో తలకిందులుగా కనబడుతోంది. ఆమె వంగి చూస్తూ ఉంది, నేనూ వంగాను. చుక్క కదలలేదు. తుడిస్తే కింద రాయి తెల్లగా, పొడిగా ఉంది. తరువాత నూనె చుక్క. తరువాత పసుపు నీళ్లు. కాసేపు ఉంచి తుడిస్తే రెండూ గుడ్డకు వచ్చేశాయి.

ఆమె నావైపు చూసింది. "ఇయ్యాల ఆదివారం గదా. ఆ కూర పులుసు ఒక చుక్క తే."

"అత్తమ్మా!"

"తే అంటున్న గదనే. అసలు పరీక్ష గదే."

చెంచాతో తెచ్చి ఇచ్చాను. వేసింది. ఆగింది. తుడిచి, కడిగి, మళ్లీ తుడిచింది. తరువాత వంగి రాయి మీద ముక్కు పెట్టి వాసన చూసింది. నన్ను కూడా చూడమంది. నేనూ చూశాను. రాయి వాసన తప్ప ఏమీ లేదు. గుమ్మం దగ్గర మా ఆయన నిలబడి, "అత్తాకోడళ్లు బండను ముద్దు పెట్టుకుంటుండ్రా?" అన్నాడు.

"నోరు ముయ్‌రా. చింతపండు తే."

చింతపండు గుజ్జు మాత్రం మమ్మల్ని ఓడించింది. తీసి చూస్తే రంగు పట్టలేదు కాని, అక్కడ రాయి మెరుపు పోయి మొద్దుబారింది. వేలితో తడిమితే కొంచెం గరుకుగా తగిలింది. దుకాణామె అది కూడా చెప్పిందని అప్పుడు గుర్తొచ్చింది. సీలర్ తాగకుండా ఆపుతుంది కాని పులుపు పైపొరను కొరికేస్తుంది, దానికి మందు లేదు. నిమ్మకాయ, చింతపండు, పెరుగు దాని మీద నేరుగా పెట్టవద్దు అని. ఇంత చేసి, స్వామికి పెట్టేది పులిహోరే కదా అని నాకు ఏడుపు వచ్చింది.

అత్తమ్మ మాత్రం ఆ మొద్దుబారిన చోటు మీద బొటనవేలు ఆడించి చూసింది.

"లోపలికి పోలే గదా?"

"పోలేదు. పైపైనే."

"పైపైన అయితే మచ్చ. లోపలికి పోతేనే మైల. మచ్చలు నాకు గూడ ఉన్నయ్." ఆమె లేవడానికి చెయ్యి చాచింది. "పెద్ద స్టీలు తాంబాళం తీయి. చింతపండు గిన్నె అండ్ల పెట్టుకుంట. కిందపడితే వెంటనే తుడుస్త. గంతే."

శనివారం వచ్చింది. ఆమె తలస్నానం చేసి, తడి కొంగు నడుముకు చెక్కి, స్టూలు మీద కూర్చుంది. తాంబాళంలో చింతపండు గిన్నె, దాని పక్కన స్టవ్వు, మెత్తని గుడ్డ ఒకటి తొడ మీద. పోపు చిటపటలాడుతుంటే ఆవిరి లేచి కిటికీ వైపు పోయింది. ఒక పసుపు చుక్క రాయి మీద పడింది. నామం ఆపకుండానే ఆమె గుడ్డతో తుడిచేసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. తెల్లరాయి వెలుగు కిందినుంచి ఆమె గడ్డం మీదా చెంపల మీదా పడుతుంటే, ఆమె నీళ్ల మీద కూర్చుని వండుతున్నట్టు నాకు కనిపించింది.

ఆ సాయంత్రం హాలులో నైవేద్యం పెట్టి, హారతి ఇచ్చి, అందరికీ ప్రసాదం పంచాం. పెద్దాయన ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నారు.

"చెల్లే, ఉప్పు తక్కువైంది."

"ఎత్తుమీద కూసున్న గదా అన్నా. నేల మీది ఉప్పు డబ్బా అందలే. వచ్చే వారం దగ్గర పెట్టుకుంట," అంది అత్తమ్మ. వచ్చే వారం అన్న ఆ మాట విని నేను పుస్తకం మూసి, తల వంచుకుని, కళ్లు తుడుచుకున్నాను.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ, మీ పక్కింట్లోనూ ఇట్లాంటి ముసలితల్లి ఒకరు ఉంటారు. చేతులకు సేవ ఇంకా చాలదు, కాళ్లు మాత్రం చాలించమంటాయి. చదవడం ఒక్క క్షణం ఆపండి. చేతులు జోడించి నాతో కలిసి అడగండి. స్వామీ, వాళ్ల చేతి పని వాళ్ల చేతిలోనే ఉండనివ్వు. వాళ్లు వంగలేని చోటికి నువ్వే కొంచెం ఎత్తుకు రా. గోవిందా, గోవింద.